గోళ్ళరంగు గీత

మోర్ధానా కొండదారి ఎగువ మీద జెబకుమార్ కారు నీలం పొగ కక్కి ఆగిపోయిందని ఫోను వచ్చినప్పుడు సుజిత చేతిలో ఇడ్లీ ముక్క ఉంది. కిందటి వారం మనం ఆమెను అక్కడే వదిలి వచ్చాం. ఆ ముక్క నోటిదాకా వెళ్ళనే లేదు.

ఎలా వెళుతుంది? పెళ్ళై నాలుగు నెలలు నిండని సుజిత, మెకానికల్ ఇంజనీరింగు చదివిన సుజిత, వేలూరులో కాట్పాడి రోడ్డు మీద మొగుడు దేవేంద్రన్ నడిపే షెడ్డులో తన చేతులతో టర్బో అమర్చిన మొట్టమొదటి కారు అది. పైగా గుడియాత్తంలో మగ్గం నేసే మామ వరదప్ప పెట్టిన షరతు ఒకటుంది. "ఒక్క బండి చెడిపోయి తిరిగొచ్చినా సరే, స్పానరు దించేసి మనింటికి రావాల. మీ అత్త పక్కన కూర్చోని నూలు కండెలు చుట్టాల." ఆరోజు సుజిత నవ్వుతూ సరేనంది. కొత్త కోడలి ధీమా అది. కాలి మట్టెలు ఇంకా మెరుస్తున్న రోజులు.

శుక్రవారం పూజ చేసి పంపిన బండి మంగళవారం పొద్దున తాడు కట్టించుకుని తిరిగొచ్చింది.

జెబకుమార్ కారు దిగలేదు, దూకాడు. మోర్ధానా దగ్గర పల్లెవాడు. అద్దెకు కారు నడుపుకుంటాడు. తల్లి ఆరోకియమేరికి మూత్రపిండాలు చెడిపోతే వారానికి రెండుసార్లు వేలూరు ఆస్పత్రికి తెచ్చి, రక్తం శుభ్రం చేయించి, తిరిగి ఇంటికి చేరుస్తాడు. పాత డీజిల్ బండి నలుగురు ఎక్కితే ఆ ఎగువలో ముసలి ఎద్దులా మూలిగేది. అందుకే టర్బో పెట్టించుకున్నాడు.

"ఏమ్మా, ఇంజనీరమ్మా," అన్నాడు షెడ్డు మధ్యలో నిలబడి. "మా అమ్మని రెండు గంటలు ఎండలో రాయి మింద కూర్చోబెట్టినావు. సూది గుచ్చిన చెయ్యి వాచిపోయి ఉండాది ఆమెకి. నేను ఆమెను చూడాలా, బండిని చూడాలా? ఇంత చదువు చదివి ఏం బిగించినావు నువ్వు?"

"అమ్మ ఎట్ల ఉండారన్నా?"

"ఉండాది. నువ్వు అడగాల్సిన పని లేదు. టర్బో పెడితే బండి గుర్రం అవుతాదన్నావు. గుర్రం గాదు, శవమయింది. తాడు కట్టి లాక్కోని వస్తా ఉంటే కె.వి.కుప్పంలో టీ తాగేవోళ్ళంతా లేచి నిలబడి చూసినారు. ఆడదాని చేత ఇంజను ముట్టించినందుకు నాకు గావాల్సిందే."

సుజిత దేవేంద్రన్ వైపు చూసింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అతని నోటినుంచి వస్తుందని చూసింది. రెండు వారాల కిందట ఇదే చోట, "మా సుజిత చెయ్యి పడితే ఇంజను పాట పాడతాదన్నా" అని ఇదే జెబకుమార్‌తో చెప్పిన మనిషి. ఇప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. శుభ్రంగా ఉన్న చేతులే. తుడిచిందే తుడుస్తున్నాడు.

"సుజితా, నువ్వు లోపలికి పో," అన్నాడు చివరికి.

"నేను యాడికీ పోను. నేను బిగించినా, నేనే విప్పి చూస్తా."

బానెట్టు ఎత్తింది. గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి లాగింది. టర్బో అంటే నత్తగుల్లలాంటి రెండు డబ్బాలు, మధ్యలో ఒకే ఇరుసు. ఇంజను వదిలే పొగ ఒక డబ్బాలోని చక్రాన్ని తిప్పితే, ఆ ఇరుసుకే రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ బాగా మండుతుంది, బండికి బలం వస్తుంది. పారేసే పొగతో పని చేయించుకోవడం. కాలేజీలో మొదటిసారి ఈ సంగతి విన్నరోజు సుజితకు అమ్మ మిగిలిన అన్నంతో వడియాలు పెట్టడం గుర్తొచ్చి నవ్వుకుంది. పాత ఇంజను తట్టుకోవాలని ఈ బండికి గాలి ఒత్తిడి చాలా తక్కువలో పెట్టింది కూడా.

ఇప్పుడు నవ్వు రాలేదు. చక్రం నడిమి నట్టును రెండు వేళ్ళతో పట్టి కదిపింది. కదలకూడని ఇరుసు ఊగిపోయింది. రెక్కలు డబ్బా గోడను రాసుకుని అరిగి ఉన్నాయి. చేతినిండా ఆయిలు.

"బేరింగు కాలిపోయింది," అంది.

"ఎందుకు కాలింది?"

"నిమిషానికి లక్షసార్లకు పైన తిరిగే ఇరుసన్నా ఇది. ఇనుము మింద ఇనుము తిరగదు, సన్నని ఆయిలు పొర మింద తేలతాది. ఆయిలు అందకపోతే..."

"ఎందుకు అందలేదు అని అడుగుతా ఉండా."

ఆయిలు గొట్టం టర్బో నెత్తిన కలిసేచోట టార్చి వేసి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. పెళ్ళైన రెండో వారం దేవేంద్రన్ ఆమెను లాంగ్ బజారుకు తీసుకెళ్ళి గోళ్ళరంగు సీసా కొనిపెట్టాడు. దానిమ్మ గింజ రంగు. ఆ రంగు గోళ్ళకు వేసుకున్నది రెండుసార్లే. మిగిలినదంతా బోల్టులకు వాడింది. బోల్టు పూర్తిగా బిగించాక, దాని తలమీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీస్తుంది. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి రెండు ముక్కలుగా కనబడుతుంది. "నా మొగుడు కొనిచ్చిన రంగు, నా పనికి సాక్షి," అని సీసాను పనిముట్ల మధ్య నిలబెట్టి, ఎంత మురిసిపోయిందో.

ఆయిలు గొట్టం బోల్టు మీది దానిమ్మ గీత రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క బోల్టు తలమీద. ఇంకొకటి బెత్తెడు దూరంలో కాదు, గోరెడు దూరంలో. కానీ తెగింది తెగిందే.

ఆమె తర్వాత ఎవరో దీన్ని విప్పారు. విప్పి మళ్ళీ బిగించారు.

స్పానరు వేసి బోల్టు తీసింది. బోల్టు నడుమ ఆయిలు పారే, గుండుసూది తల పట్టేంత రంధ్రం. దాని నిండా మాడిన పీచు. రాగి వాషరు కింద నలిగి మిగిలిన అంగుళం దారం మాత్రం మాడలేదు. టార్చి వెలుగులో పట్టి చూసింది. నూలుపోగు. ముదురు పచ్చ ఒకటి, పసుపు ఒకటి, మెలితిరిగి ఉన్నాయి.

ఆయిలు కారకుండా రాగి వాషరు ఉన్నచోట నూలు ఎవరు చుడతారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గుడియాత్తం నేతగాళ్ళ ఇళ్ళలో నీళ్ళ కొళాయి కారినా నూలే, మోటారు పైపు కారినా నూలే, సైకిలు పంపు గాలి వదిలినా నూలే. చేయి చాపితే దొరికేది అదే మరి. శుక్రవారం పూజకు వరదప్ప షెడ్డుకు వచ్చాడు. పూజకు నిమ్మకాయలు, కర్పూరం, కనకాంబరాలు తేవడానికి ఆమె బజారుకు వెళ్ళిన అరగంటా ఆయన ఇక్కడే కూర్చుని ఉన్నాడు. బండి తిరిగొస్తే స్పానరు దించాలన్నదీ ఆయనే.

తలెత్తేసరికి దేవేంద్రన్ లేడు. జెబకుమార్‌కు టీ తేవడానికి వెళ్ళాడట.

"సాయంత్రంలోపల చెప్తానన్నా, ఎవరి తప్పో," అంది. "నాదైతే నేనే నీ ఇంటికొచ్చి మీ అమ్మ కాళ్ళు పట్టుకుంటా. నాది కాకపోతే, నన్ను అన్నవన్నీ నువ్వు తిరిగి తీసుకోవాల."

"చూస్తాంలే," అన్నాడు జెబకుమార్. 

దారాన్ని ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే గుడియాత్తం బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. మామూలుగా అయితే అది ఆమెకు పండగే. ఆరోజు పాలారు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. నోట్లో మాటలు పేర్చుకుంటూ, తీసేస్తూ, ఇంకా కారంగా పేర్చుకుంటూ కూర్చుంది.

వరదప్ప మగ్గం గుంటలో కూర్చుని లుంగీ నేస్తున్నాడు. అత్త అమరావతి రాట్నం ముందు కండెలు చుడుతోంది. కోడలి మొహం చూడగానే రాట్నం ఆపింది.

"ఏందమ్మా, ఒక్కదానివే వచ్చినావు? అన్నం తిన్నావా?"

"అత్తమ్మా, ఉండండి. మామతో మాట్లాడాల." అగ్గిపెట్టె తెరిచి మగ్గం మీద, నేసిన బట్ట మీదే పెట్టింది. "మామా, నేను స్పానరు దించాలంటే దించమని చెప్పండి, దించుతా. దానికోసం ఒక రోగిష్టి తల్లి ఎక్కే బండి పాడు చేయాలా?"

వరదప్ప చేతిలో అడ్డపోగు తోసే నాడె ఆగింది. "ఏం మాట్లాడతా ఉండావు నువ్వు?"

"శుక్రవారం నేను బజారుకు పోయిన అరగంటలో ఆయిలు బోల్టు విప్పినారు. నూలు చుట్టి బిగించినారు. ఆ పీచు పోయి రంధ్రంలో కూర్చుంది. షెడ్డులో నూలు చుట్టే అలవాటు ఎవరికి ఉండాది?"

"నాకా? నేను ఆ బండి కాడికే పోలేదు. బయట స్టూలు మింద కూర్చోని పేపర్లో బొమ్మలు చూస్తా ఉణ్ణా. డెబ్బై ఏండ్లొచ్చినాయి, ఒకరి సొత్తు ముట్టినోణ్ణి గాదు నేను. నా ఇంట్లోకొచ్చి, నా మగ్గం మింద పెట్టి నన్ను దొంగ అంటావా?"

"ఇద్దరూ ఆగండప్పా," అంది అమరావతి. "అసలు పీచు పడితే ఏమవుతాది? అది చెప్పు ముందు."

సుజిత రాట్నం వైపు చూపించింది. "ఇది మాదిరే అత్తమ్మా. మీ చెయ్యి పెద్ద చక్రం తిప్పతాది, ఆ కొసన కదురు తిరగతాది. అక్కడ చెయ్యి బదులు పొగ తిప్పతాది, కదురు బదులు ఇంకో చక్రం గాలిని తోస్తాది. మీరు కదురుకి రోజూ రెండు చుక్కలు నూనె పోస్తారే, పోయకపోతే?"

"కీచుమంటాది. కొన్నాళ్ళకి తెగిపోతాది."

"ఇది రాట్నం కంటే వెయ్యింతలు జోరుగా తిరగతాది. కొన్నాళ్ళు ఆగదు. కొన్ని గంటలే."

వరదప్ప ఈలోగా అగ్గిపెట్టె అందుకున్నాడు. దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, మెలిక విప్పి, మళ్ళీ తిప్పాడు. ఆయనకు తెలుగూ చదవరాదు, తమిళమూ చదవరాదు. కానీ ఆయన వేళ్ళు నూలును చదివినట్టు ఆ వీధిలో ఎవరూ చదవలేరు. కొసను నాలిక మీద తడిపి, గుమ్మంలోకి వెళ్ళి ఎండలో పట్టుకున్నాడు. తిరిగి వచ్చేసరికి మొహంలో కోపం లేదు. దానికంటే చెడ్డది ఏదో ఉంది.

"ఇది లుంగీ నూలు గాదు," అన్నాడు. "ఈ పచ్చ నేను అద్దింది. ఒక్క పడుగు నిలువు పోగులకే అద్దినా."

"ఏ పడుగుకి?"

అమరావతి నెమ్మదిగా చెప్పింది. "నువ్వు ఇంటికొచ్చినాక వేసిన మొదటి పడుగమ్మా. నీ చేతనే మొదటి పోగు లాగించినాము గదా."

సుజితకు ఆరోజు లీలగా గుర్తుంది. పసుపు రాసిన చేతులు, చుట్టూ నవ్వులు, దేవేంద్రన్ పక్కనుంచి గిల్లడం. రంగులేవీ గుర్తు లేవు.

"మా ఇంట్లో ఒక వాడుక ఉండాది," అంది అమరావతి. "కోడలు లాగిన పడుగు నేసినాక, చివర్న నేయడానికి రాకుండా జానెడు పోగులు మిగలతాయి. అవి పారెయ్యము. జడ మాదిరి అల్లి కొడుకు చేతికి ఇస్తాము. వాడు ఏ సామానుతో సంపాదిస్తాడో దానికి కట్టుకోవాల. ఆలి చెయ్యి తోడుంటాదని. మా మామగారు ఈయనకి నాడెకి కట్టించినారు."

"దేవా దేనికి కట్టినాడు?"

అడిగింది కానీ జవాబు ఆమెకే తెలుసు. పనిముట్ల పెట్టె పిడికి కట్టి ఉండే ఆ తాడు. గ్రీజు పట్టి నల్లగా, జిడ్డుగా, రోజూ తన చేతికి తగిలే తాడు. అదేదో పాత తాడనుకుంది ఇన్నాళ్ళూ.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నూలుపోగు పట్టేసింది.

వాకిట్లో బైకు ఆగిన చప్పుడైంది. దేవేంద్రన్. ఆమె వెళ్ళినదారి తెలిసి వెనకే వచ్చినట్టున్నాడు. వెనక సీటుకు ఎప్పటిలాగే పనిముట్ల పెట్టె కట్టి ఉంది. సుజిత గుమ్మం దాటి, అతన్ని పలకరించకుండా తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. పిడికి ఉన్న తాడు కొస పైకి తిప్పింది. కొత్తగా కోసిన కొస. పైన ఎంత నలుపైనా, కోతలో మాత్రం పచ్చా పసుపూ ఇంకా పెళ్ళినాటిలా మెరుస్తున్నాయి.

"కత్తితో కోసినావా, పంటితో కొరికినావా?" అంది.

దేవేంద్రన్ వీధి అటూ ఇటూ చూశాడు. "సుజితా, లోపలికి పోయి మాట్లాడదాం."

"పొద్దున్నించి నన్ను లోపలికే పంపతా ఉండావు. నేను ఈడనే వింటా. ఎప్పుడు విప్పినావు? నేను నిమ్మకాయలకి పోయినప్పుడేనా?"

తల ఊపాడు.

"ఆ బండికి దిష్టి తగలకూడదని ఎండలో కనకాంబరాలు ఏరతా ఉణ్ణా నేను. నువ్వు ఆ పొద్దు నా బోల్టు విప్పతా ఉండావు. ఎందుకు?"

"ఊరికే... ఒకసారి చూద్దామని. అందరూ నిన్నే అడగతా ఉండారు ఈమధ్య. అక్క ఉందా, అక్క చూస్తాదా అని. ఏదైనా అయితే మాట పడేది నేనే గదా అని..."

"మాట ఎవరు పడినారు దేవా ఈపొద్దు?"

అతను నేల చూశాడు.

"ఆడదాని చేత ముట్టించినందుకు గావాల్సిందే అన్నాడు ఆయన. నువ్వు ఆడనే నిలబడి ఉండావు. నీకు తెలుసు. ఆ నూలు చుట్టింది నువ్వని నీకు తెలుసు. నువ్వు చేతులు తుడుచుకుంటా నిలబడినావు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గింది. ఆ తగ్గడానికే దేవేంద్రన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నూలు చుట్టినందుకు కాదు నాకు కోపం. అది అలవాటు, నీకు తెలీక చుట్టినావు. రాగి వాషరు ఉంటే నూలు ఎందుకని నన్ను అడిగుంటే చెప్పుండేదాన్ని, నవ్వుకోని ఉండేవాళ్ళం. నన్ను అడగలేదే, అది. ఆ గీత నువ్వు కొనిచ్చిన రంగుతో గీసింది. అది తెగిందని నీ కంటికి కనబడలేదా?"

"కనబడింది."

"మరి?"

"మళ్ళీ సరిగ్గా కలపాలని చూసినా. కలవలేదు."

లోపల్నుంచి వరదప్ప మాట వినబడింది. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అగ్గిపెట్టె ఇంకా చేతిలోనే ఉంది. "డేయ్ దేవేంద్రా. ఆ నూలు నీకు ఎందుకిచ్చినానో తెలుసునా? ఆలి చెయ్యి తోడుండాలని. దాన్ని కోసి ఆలి పనికే ఉరి బిగించినావే." కోడలి వైపు తిరిగాడు. "నీకు నేను పెట్టిన షరతు తప్పమ్మా. అది రద్దు. కానీ ఈ మాట ఆ జెబకుమారుకి చెప్పాల్సింది నేను గాదు."

సుజిత చెయ్యి చాపింది. "ఫోను ఇయ్యి దేవా. లేదా నువ్వే మాట్లాడు. నేను విప్పినా, నేను బిగించినా, తప్పు నాది అని మూడు ముక్కలు. చాలు."

దేవేంద్రన్ జేబులోంచి ఫోను తీశాడు. తీసినవాడు అలాగే పట్టుకున్నాడు. ఒక ఎద్దుబండి వీధిలోంచి వెళ్ళింది. పక్కింటి మగ్గం టకటకమంటోంది. ఆమె ఓపిక అయిపోయి, అతని చేతిలోనే ఉన్న ఫోను మీద తానే నొక్కింది. అందరికీ వినబడేలా పెట్టింది.

"సొల్లుప్పా దేవా, చెప్పు," అంది జెబకుమార్ గొంతు.

దేవేంద్రన్ ఫోనును ఆమె వైపు జరిపాడు.

"అన్నా, నేను సుజితను," అంది ఆమె. "సాయంత్రంలోపల చెప్తానన్నా గదా. శుక్రవారం పొద్దున నేను లేనప్పుడు ఆ ఆయిలు బోల్టు ఎవరో విప్పినారు. ఎవరో ఇప్పుడు ఆయన నోటితోనే..."

"ఎవరో ఏందమ్మా," అన్నాడు జెబకుమార్. పొద్దుటి కోపం ఇంకా అలాగే ఉంది. "దేవేంద్రన్ విప్పినాడు. పూజకని నేను పొద్దున్నే వచ్చేసినా గదా, టార్చి పట్టింది నేనే. ఆ బోల్టు సగమే బిగించి వదిలేసినావంట నువ్వు. చేత్తో తిప్పి చూపించినాడు నాకు, లూజుగా ఉండాదని. ఆయన చూడబట్టి నాలుగు రోజులన్నా నడిచింది, లేకపోతే షెడ్డు గేటు కాడనే పోయుండేది. ఇంకా ఎవరి మింద తోస్తావు?"

సుజిత ఫోను ఆపలేదు. రెండు చేతుల బలంతో బిగించి, గీత గీసి, ఆరేదాకా నోటితో ఊదిన బోల్టు అది. లూజుగా ఉన్న బోల్టును చూపించాలంటే ముందు ఎవరో దాన్ని లూజు చేసి ఉండాలి.

ఆమె మొగుడి కళ్ళలోకి చూసింది. పెళ్ళైన నాలుగు నెలల్లో మొదటిసారి, అతను చూపు తిప్పుకోలేదు.

"అవును," అన్నాడు దేవేంద్రన్, ఫోనుకు కాదు, ఆమెకు. "కావాలనే లూజు చేసినా."

లోపల అమరావతి చేతి కింద రాట్నం ఒక్క చుట్టు తిరిగి ఆగింది.